తీరని వ్యాధిలో విశ్వాసి దుఃఖము

ధ్యాన భాగములు: యోబు 2:11–13, 1 రాజులు 19:1–8

ఈ నెల నేను వ్రాయుచున్నది వినుటకు ఇంపైన సంగతి కాదు. అయినను మన పల్లెలలో ఏదో యొక గడపలోపల ప్రతిదినము అడుగబడుచు, ఆరాధన స్థలములో మాత్రము ఎన్నడును అడుగబడని ప్రశ్న యొకటి కలదు. క్యాన్సరు ముదిరి, ఇక ఇంటికి తీసికొనిపొండని వైద్యులు చెప్పిన తరువాత, మంచము పట్టిన విశ్వాసి యేడ్చినయెడల, ప్రార్థన చేయలేకపోయినయెడల, నాకు చావు వచ్చిన బాగుండునని పలికినయెడల, అది అవిశ్వాసమా? అట్టివారికి సంఘము ఏమి అచ్చియున్నది?

దీనికి జవాబు నాకు పుస్తకములలో దొరకలేదు. నేను చేసిన యొక తప్పువలన కొంత దొరకినది. కాబట్టి మొదట ఆ తప్పు చెప్పెదను.

కోదాడకు దగ్గరి యొక పల్లెలో మన సంఘమునకు చెందిన సహోదరి యుండెను. పేరు వ్రాయను. మిరప తోటలలో కూలికి పోయి ఇద్దరు పిల్లలను చదివించుకొనినది. రొమ్ములో గడ్డ కనబడినప్పుడు సిగ్గుచేతను భయముచేతను చాలకాలము దాచుకొనెను. తరువాత హైదరాబాదులో కీమో ఎక్కించిరి, కరెంటు పెట్టిరి. కొన్నాళ్లు బాగుగానే యుండెను. పిమ్మట వ్యాధి వెన్నెముకకు పాకెను. ఆమె ఇల్లు చేరిన తరువాత ప్రతి బుధవారము పెద్దలను వెంటబెట్టుకొని నేను వెళ్లుచుంటిని. ఎనిమిదిమందిమి, ఒక్కొక్కసారి పదిమందిమి, ఆ చిన్న గదిలో నిలువబడి బిగ్గరగా ప్రార్థించుచుంటిమి. నీవు స్వస్థపడియున్నావు, నమ్ముము, స్వస్థపడితినని నోటితో చెప్పుము అని ఆమెతో పలికినది నేనే. ఆమె చెప్పెను. ఆమేన్ అనెను. మేము సంతోషించి, వారింటి చాయ త్రాగి వచ్చితిమి.

ఒక ఆదివారము సాయంకాలము నా భార్య ఒంటరిగా ఆమెను చూడబోయెను. అప్పుడామె అడిగిన మాట యిది: "అమ్మగారూ, అయ్యగారొచ్చినప్పుడల్లా నేను బాగైన అనే చెప్పాల్నా? నాకైతే బాగలేదు. అట్ల చెప్తే అబద్ధమాడినట్టు కాదా?" దిండు క్రింద మాత్రల పొట్లముండెను. అవి నొప్పికి ఆసుపత్రివారిచ్చినవి. బుధవారము ఉదయమున ఆమె వాటిని వేసికొనక దాచిపెట్టుచుండెనట. మాత్ర మ్రింగినయెడల అది విశ్వాసము కాదని మేమనుకొందుమేమో యని భయపడెనట. అనగా మేము ఆమె కొరకు ప్రార్థించిన ఆ గంటసేపే వారమంతటిలో ఆమెకు నొప్పి యెక్కువైన గంట. ఆ రాత్రి నేను వేరొక ఊరి కూటమునకు వెళ్లవలసియుండెను. వెళ్లితిని. ఏమి బోధించితినో నాకు జ్ఞాపకము లేదు.

మరియొక మాట కూడ ఆమె చెప్పెను. "నేనేం పాపం చేసిన్నని దేవుడు నాకీ రోగం పెట్టిండు?" దాచిన పాపమేదో యుండియుండునని, అది ఒప్పుకొనినయెడల రోగము తొలగిపోవునని స్త్రీల కూటములో ఎవరో చెప్పిరట. అది మొదలు రాత్రులందు మేలుకొని ఆమె తన బ్రదుకంతయు వెదకుకొనుచుండెను. పెండ్లికి ముందు ఆసామి తోటనుండి కొంగున కట్టుకొని తెచ్చిన గుప్పెడు మిరపకాయలు జ్ఞాపకమునకు వచ్చెను. 12 ఏండ్లుగా తోడికోడలితో మాటలు లేకపోవుట జ్ఞాపకమునకు వచ్చెను. గుప్పెడు మిరపకాయలకు ఒక ఆడుదాని వెన్నెముక విరుగగొట్టు దేవుని మేమామెకు చూపించితిమి.

యోబు స్నేహితులను ప్రసంగములలో నిందించుట మనకు వాడుక. నాకిప్పుడు వారియెడల కొంత గౌరవము కలుగుచున్నది, ఏలయనగా మొదటి వారములో వారు చేసినంత మనము చేయుట లేదు. మువ్వురును తమ తమ ఊళ్లు విడిచి, కూడబలుకుకొని వచ్చిరి. అతనిని పోల్చుకొనలేక యేడ్చిరి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద కూర్చుండి నోరు మెదపలేదు. వారు చెడినది మాటలాడ మొదలుపెట్టిన తరువాతనే. ఆ పుస్తకము చివరి అధ్యాయము తెరచి చూడుడి. పుట్టిన దినమును శపించి, దేవునితోనే వాదమునకు దిగిన యోబుమీద కాదు, దేవుని పక్షమున మాటలాడుచున్నామనుకొనిన ఆ స్నేహితులమీద ఆయన కోపించెను. పుట్టు గ్రుడ్డివాని చూచి, ఇది యెవరి పాపమని శిష్యులడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే త్రోసివేసెను (యోహాను 9). సిలోయములో గోపురము కూలి చచ్చిన 18 మంది ఊరివారందరికంటె పాపులు కారనెను (లూకా 13). ఇవి సండేస్కూలు పిల్లలు నేర్చుకొను పాఠములు. పెద్దలమైన తరువాత మరచిపోవుచున్నాము.

వ్యాధికి కారణములు లేవని నేను చెప్పుట లేదు. పొగాకు, ఖైనీ, గుట్కా నోటి క్యాన్సరును తెచ్చును. గర్భసంచి ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరు ఎక్కువగా హెచ్.పి.వి. అను వైరసువలన కలుగును. అయితే కారణము చెప్పుట వేరు, నేరము మోపుట వేరు. ఖైనీ నమలినందుకే నీకిట్లయినదని మంచముమీది మనిషికి చెప్పి ప్రయోజనమేమి? ఆ మాట అతని కుమారునికి, ఇంటి వెలుపల, వేరొక దినమున చెప్పవలెను.

ఇప్పుడు ఏలీయా సంగతి. కర్మెలు కొండమీద అంతటి కార్యము చేసిన ప్రవక్త అరణ్యములోనికి పారిపోయి, బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చాలు, చచ్చిపోయెదనని దేవుని వేడుకొనెను. దేవుడతనిని గద్దించెనా? దూత వచ్చి విశ్వాసమునుగూర్చి ప్రసంగించెనా? లేదు. తట్టి లేపి తినుమనెను. నిప్పులమీద కాలిన రొట్టె, తలదాపున బుడ్డితో నీళ్లు. తిని మరల పండుకొనెను, దూత పండుకొననిచ్చెను. రెండవమారు లేపి, దారి దూరమని చెప్పి, మరల తినిపించెను. నీకిక్కడ ఏమి పని యను ప్రశ్న హోరేబు చేరిన తరువాతగాని రాలేదు. ఆ వరుస గమనించుడి. తిండి, నీళ్లు, నిద్ర ముందు, ప్రశ్న తరువాత. మనము ప్రశ్నతో మొదలుపెట్టి, చాయ మనమే త్రాగి వచ్చుచున్నాము.

88వ కీర్తన చీకటిలోనే ముగియును. తుదిని స్తోత్రము లేదు, వెలుగు లేదు. అయినను దానిని కూర్చిన పెద్దలు ఏరి పారవేయలేదు. పౌలు ఆసియలో తనకు కలిగిన శ్రమలో ప్రాణముమీద ఆశ వదలుకొన్న సంగతి కొరింథు సంఘమునకు దాచక వ్రాసెను. గెత్సేమనే తోటలో ప్రభువు తన దుఃఖము చావంతటిదని ముగ్గురు స్నేహితులతో చెప్పి, మెలకువగా నుండుమని మాత్రమే కోరెను. సలహా అడుగలేదు. వారు కునికిరి. దుఃఖమే అవిశ్వాసమని చెప్పదలచినవాడు తన బైబిలులో చాల పుటలు చింపుకొనవలసియుండును.

అయితే దుఃఖమంతయు ఒక తీరుది కాదు. ఏడ్చి తేరుకొను దుఃఖము కలదు. ఏడ్చుటకుకూడ శక్తి లేకుండ చేయు కుంగుబాటు వేరొకటి కలదు. అది మనస్సునకు కలుగు వ్యాధి. 2011లో లాన్సెట్ ఆంకాలజీ అను వైద్య పత్రికలో 94 అధ్యయనములను ఒకచోట చేర్చి చూచిన విచారణ యొకటి వెలువడెను. తీరని వ్యాధితో ఉపశమన చికిత్స పొందుచున్నవారిలో సుమారు ఆరుగురిలో ఒకరికి ఈ కుంగుబాటు కలదని అందులో తేలెను. అయిదుగురు తట్టుకొనుచున్నారు గదా యని ఆరవవానిని తప్పుపట్టుట తగునా? మనుమడు వచ్చి ఒడిలో కూర్చున్నను ముఖము వికసింపకపోవుట, నొప్పి తగ్గిన రాత్రికూడ నిద్ర రాకపోవుట, చేయని నేరమంతయు తనమీద వేసికొనుట, నేను ఇంటికి బరువు అని మాటిమాటికి చెప్పుట, ఇవి దినముల తరబడి యుండినయెడల డాక్టరుతో చెప్పవలెను. మాటలవలనను మందులవలనను చాలమందికి ఇది నెమ్మదించును. కొద్ది వారములే బ్రదుకుదురని తెలిసినవారికైనను ఆ వారములు వారివే గదా.

అడిగినయెడల లేని బాధ పుట్టించినట్లగునని మనకు భయము. కెనడా దేశములో హార్వీ చోచినోవ్ అను మానసిక వైద్యుడును అతని తోటివారును ముదిరిన క్యాన్సరు గల 197 మందిని పరీక్షించి 1997లో ప్రచురించిన సంగతి యేమనగా, పొడుగాటి ప్రశ్నపత్రములకంటె, నీ మనస్సు క్రుంగియున్నదా యని తిన్నగా అడిగిన ఒక్క ప్రశ్నయే సత్యమును బాగుగా బయలుపరచెను. ఒక్క ప్రశ్న. అడిగి, జవాబు వచ్చువరకు నోరు మూసికొని యుండవలెను. ఈ రెండవ భాగమే మావంటి బోధకులకు కష్టము. ఎవరితోనైన మాటలాడవలెననిన 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ టెలీమానస్ సేవ ఉచితము, తెలుగులోను మాటలాడుదురు.

చనిపోవువారి బాధను ఇట్లు ముక్కలు చేయక ఒక్కటిగా చూడవలెనని వైద్య లోకమునకు నేర్పినది ఇంగ్లాండుకు చెందిన సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ స్త్రీ (1918–2005). ఆమె మొదట నర్సు. తరువాత రోగుల కుటుంబ కష్టములు విచారించు ఆసుపత్రి ఉద్యోగిని. 1957లో డాక్టరు పట్టము పొందెను. 1948లో లండనులో డేవిడ్ టాస్మా అను పోలండు దేశపు యూదుడు క్యాన్సరుతో చనిపోవుచుండగా ఆమె అతనియొద్దకు వెళ్లుచుండెను. తన బ్రదుకువలన లోకమునకు ఏ గుర్తును మిగులలేదని అతని వేదన. అతడామెకు 500 పౌండ్లు వ్రాసియిచ్చి, ఆమె కట్టబోవు గృహములో తానొక కిటికీ కావలెనని కోరెను. ఆ గృహము, సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్, 1967లో గాని తెరువబడలేదు. 19 సంవత్సరములు ఆమె ఆ కిటికీని మోసికొని తిరిగెనన్నమాట. శరీరపు నొప్పి, మనస్సు నొప్పి, ఇంటివారినిగూర్చిన దిగులు, దేవునిగూర్చిన కలవరము, ఇవి నాలుగు గదులలో వేరువేరుగా ఉండవనియు, ఒకదానిని విడిచి మరియొకదానిని మాన్పలేమనియు ఆమె బోధించెను. దానికి సంపూర్ణ వేదన యని పేరు పెట్టెను.

అది నాకు మిర్యాలగూడలో అర్థమైనది. రైసుమిల్లులో హమాలీ పని చేసిన సహోదరుడు దవడకు వచ్చిన క్యాన్సరుతో ఉండెను. చెంపకు రంధ్రము పడి దుర్వాసన వచ్చుచుండెను. నొప్పికి మందు వాడుచుండిరి. అయినను అతడు గోడవైపు తిరిగి పండుకొని ఎవరితోను పలుకుట లేదు. సంగతి యేమని విచారింపగా, కోడలు పసిబిడ్డను ఆ గదిలోనికి తేనిచ్చుట లేదు. పిల్లవాడు జడుసుకొనునని ఆమె భయము, ఆమెదికూడ తప్పనలేము. ఇంటిమీదికి వచ్చిన నర్సు ఒకామె మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా నూరి పుండుపై చల్లి కట్టుకట్టుట నేర్పెను. కొద్ది దినములలో వాసన చాలవరకు తగ్గెను. పిల్లవాడు గదిలోనికి వచ్చెను. ఆ మాత్ర వెల కొద్ది రూపాయలు. అది శరీరమునకు చేసిన వైద్యమా, ఆత్మకు చేసిన వైద్యమా? నేను చెప్పలేను.

అతనికి ఇంకొక బాధయుండెను. ఆరు నెలలుగా ప్రభువు బల్లకు రాలేదు. మింగలేకపోవుట యొకటి, తన నోరు తగిలినయెడల గిన్నె మైలపడునని సిగ్గు మరియొకటి. మా పెద్దలు దీనినిగూర్చి రెండు కూటములలో తర్కించిరి. రొట్టె లేక ద్రాక్షారసము మాత్రమే ఇయ్యవచ్చునా, చెంచాతో ఇయ్యవచ్చునా, ఇంటిలో ఇయ్యవచ్చునా అని. నాకు కొంత కోపముకూడ వచ్చెను. చివరకు ఒక పెద్ద, చదువు రానివాడు, ప్రభువు కుష్ఠరోగిని ముట్టుకొనెను గదా, మనకు చెంచా దగ్గర ఆటంకమేమిటి అనెను. ఆ సాయంకాలము చిన్న చెంచాతో నాలుగు చుక్కలు ఆయన నాలుకపై వేసితిని. ఆయన గోడవైపు తిరుగలేదు.

అమెరికాలో ట్రేసీ బాల్బోని అను వైద్యురాలును ఆమె సహచరులును ముదిరిన క్యాన్సరు గల 230 మందిని విచారించి 2007లో ఒక వ్యాసము ప్రచురించిరి. వారిలో 88 శాతము మంది తమకు మతము ఎంతోకొంత ముఖ్యమనిరి. ఆత్మ సంబంధమైన మా అక్కరలను ఆసుపత్రివారు దాదాపు పట్టించుకొనలేదని 72 శాతము చెప్పిరి. సరే, అది డాక్టర్ల సంగతి. మా అక్కరలను మా మత సమాజమే పట్టించుకొనలేదని చెప్పినవారు 47 శాతము. అది పరదేశపు లెక్క, మన పల్లెలలో రోగిని చూడబోవుట ఇంకను మానలేదు అని మీరనవచ్చును. నేను ప్రతి బుధవారము వెళ్లుచుంటినని మరువకుడి. ఆ సహోదరిని ఎవరైన అడిగియుండినయెడల ఆమె ఏ లెక్కలో చేరియుండెడిది?

విశ్వాసము రోగికి బలమిచ్చునని చాల పరిశోధనలలో కనబడుచున్నది. కాని దేవుడు నన్ను విడిచిపెట్టెను, దేవుడు నన్ను శిక్షించుచున్నాడు అని తలంచు రోగులకు అదే విశ్వాసము భారమగుచున్నది. కెన్నెత్ పార్గమెంట్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మొదలైనవారు ఆసుపత్రిలో చేరిన 596 మంది వయస్సు మళ్లిన రోగులను రెండు సంవత్సరములు కనిపెట్టి 2001లో తెలియజేసినదేమనగా, ఇట్టి పోరాటములో నున్నవారు ఇతరులకంటె ఎక్కువగా మరణించిరి. దేవునితో పెనుగులాడుట పాపమని నేననను. యాకోబు రాత్రియంతయు పెనుగులాడెను. అయితే అతనికి శిక్ష అను తలంపును బయటనుండి తెచ్చి యిచ్చినవారెవరును లేరు. మన రోగులకు దానిని మనము చేతులార మోసికొనిపోయి యిచ్చుచున్నాము.

స్వస్థత కొరకు ప్రార్థింపవద్దా? ప్రార్థింపవలెను. యాకోబు పత్రిక 5వ అధ్యాయము మన పెద్దలకు ఆ పని అప్పగించియున్నది. హిజ్కియా గోడతట్టు తిరిగి యేడ్చి ప్రార్థింపగా 15 ఏండ్ల ఆయుష్షు దొరకెను. దానితోకూడ పుండుపై అంజూరపు ముద్ద వేయించిరని మరువకూడదు. పౌలు తన ముల్లు తీసివేయుమని మూడు మారులు వేడుకొనెను. ముల్లు పోలేదు, కృప వచ్చెను. రెండును ఒకే గ్రంథములో నున్నవి. ఈ ఇంట జరుగబోవునది హిజ్కియా సంగతియా, పౌలు సంగతియా? నాకు తెలియదు. తెలియని నేను తెలిసినట్లు నోరార మాట యిచ్చితిని. అదియే నా తప్పు, ప్రార్థన కాదు.

ఇట్టి మాటల ఫలము అప్పుల రూపముగాకూడ కనబడుచున్నది. కోదాడవారు ఒకప్రక్క విజయవాడ, ఒకప్రక్క హైదరాబాదు అని పరుగెత్తి, ఇక ఆశ లేదని చెప్పిన మనిషిని కడపటి వారములో యంత్రములకు తగిలించి, ఉన్న అరెకరము అమ్ముకొనుట నేను చూచితిని. యంత్రము వద్దనినయెడల విశ్వాసము లేదందురేమోనని ఒక కుమారుడు నాతో చెప్పెను. 2009లో అమెరికాలోనే 345 మంది రోగులను విచారించినప్పుడు, మతముమీద ఎక్కువగా ఆనుకొన్నవారే కడపటి దినములలో ఎక్కువగా యంత్రముల పాలైరని తెలిసెను. దేవుడు కార్యము చేయుటకు వెంటిలేటరు అవసరము లేదు. వద్దని చెప్పుట ఆయనను వద్దనుట కాదు.

మార్ఫినునుగూర్చి మన యిండ్లలో రెండు భయములున్నవి: అలవాటైపోవునని, అది త్రాగువాడు విశ్వాసి కాడని. మొదటి భయమునకు వైద్యులు చెప్పు జవాబు: క్యాన్సరు నొప్పికి తగిన మోతాదులో, డాక్టరు కనిపెట్టుచుండగా వాడినవారు వ్యసనపరులగుట అరుదు, మలబద్ధకము మాత్రము తప్పక వచ్చును, దానికి మందు తోడుగా ఇత్తురు. మన దేశములో గసగసాల పంటనుండి నల్లమందు తీసి పరదేశములకు పంపుచుండిరి గాని, 1985 నాటి మాదక ద్రవ్యముల చట్టములోని కట్టుబాట్లవలన మన రోగులకే మార్ఫిను దొరకుట కష్టమాయెను. 2014లో ఆ చట్టమును సవరించి దారి కొంత సులువు చేసిరి. రెండవ భయమునకు కొందరు సిలువను చూపుదురు: ప్రభువు తనకందించిన చేదు కలిపిన ద్రాక్షారసమును రుచిచూచి వద్దనెను గదా అని. నిజమే. అది ఆయన గిన్నె, ఆయన నిర్ణయము. దానిని తీసికొని పరుల నొప్పిమీద శాసనము చేయుటకు మనకు అధికారమెవరిచ్చిరి? ఆయన ఎవనినైన, ఇంకొంచెము బాధపడుము, నీకు మేలని చెప్పి పంపివేసినట్లు సువార్తలలో నాకు కనబడలేదు. నొప్పిగా నున్నదన్న ప్రతివానిని ఆయన మాన్పెను.

హైదరాబాదులో 1955లో ఏర్పడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రిలో నొప్పిని ఉపశమింపజేయు ప్రత్యేక విభాగమున్నది. డాక్టరు గాయత్రీ పాలట్ మొదలైనవారు దానిని పెంచిరి. తెలంగాణ ప్రభుత్వమును జిల్లా ఆసుపత్రులలో ఉపశమన కేంద్రములను తెరచి, ఆలన అను పేరుగల బండ్లలో నర్సులను రోగుల ఇండ్లకు పంపు ఏర్పాటు చేసెను. సూర్యాపేట, నల్లగొండ పట్టణములలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలుకూడ ఉన్నవి. రోగి లేవలేకపోయినను ఇంటివారు పాత కాగితములన్నియు పట్టుకొని జిల్లా ఆసుపత్రికి వెళ్లి, నొప్పి తగ్గించు వైద్యము, ఇంటికి వచ్చు నర్సు కావలెనని అడుగవలెను. ఆశా కార్యకర్తనుకూడ అడుగవచ్చును. అడుగుటకు చదువు రానివారితో సంఘ యువకుడొకడు వెంటపోయినయెడల అది ఆ వారపు ఉపవాస కూటమునకు తక్కువైన పరిచర్య కాదు.

రోగికి నిజము చెప్పవలెనా? సూర్యాపేటలో ఒక కుమారుడు తండ్రిని ఆసుపత్రినుండి తెచ్చి, గడ్డ తీసివేసిరి, ఇక భయము లేదని చెప్పెను. వాకిటిలో నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, నాయినకు చెప్పకుండ్రి, తట్టుకోలేడు" అనెను. లోపలికి వెళ్లగా ముసలాయన తలుపు వేయుమని, "పిల్లగానికి చెప్పకుండ్రి, నాకంత ఎరికే, వాడు ఆగమైతడు" అనెను. ఒకరి కొరకు ఒకరు అబద్ధమాడుకొనుచు, గోడకు అటునిటు ఇద్దరును ఒంటరిగా ఏడ్చుచుండిరి. నేను ఎవరి రహస్యమును బయటపెట్టలేదు. కుమారునితో, నీ తండ్రిని ఏమి తెలిసికొనగోరుచున్నావో అడుగుము, అడిగినంతే చెప్పుము, లేనిది చెప్పకుమంటిని. వారు మాటలాడుకొనుటకు పది దినములు పట్టెను. తరువాత ఆయన పొలము కాగితములు ఎక్కడనున్నవో చూపెను. చిన్న కుమార్తెకు ఇయ్యవలసినది చెప్పెను. తన సమాధి తల్లి ప్రక్కన కావలెననెను. యెషయా హిజ్కియాతో ఇల్లు చక్కబెట్టుకొమ్మని చెప్పుట క్రూరత్వమని నేను చిన్నతనమున అనుకొనుచుంటిని. ఇప్పుడట్లు తోచుట లేదు.

కోదాడ సహోదరి మాట చెప్పి ముగించెదను. మరుసటి బుధవారము పెద్దలను రావద్దని చెప్పి నేను ఒక్కడనే వెళ్లి, ఆమె యెదుట నా తప్పు ఒప్పుకొంటిని. కాపరి క్షమాపణ అడుగుట ఆమెకు ఇబ్బందిగా నుండెను. "అయ్యో, మీరట్ల అనొద్దు" అని ముఖము త్రిప్పుకొనెను. మాత్రలు వేళకు వేసికొనసాగెను. నా భార్య ఆమె తోడికోడలిని కలిసికొనెను. ఆమె తల్లి జాన్‌పహాడ్ దర్గానుండి తెచ్చిన త్రాడొకటి ఆమె చేతికి కట్టియుండెను. పెద్దలలో ఒకరు దానిని తీసివేయించుమని నాతో చెప్పిరి. తల్లి చేతితో కట్టినది, ఉండనిండని చెప్పితిని. దీనివిషయమై నన్ను తప్పుపట్టువారు మీలో నుండవచ్చును.

ఆమె ఆ తరువాత అయిదు వారములు బ్రదికెను. ఒక మధ్యాహ్నము నేను బైబిలు తెరువబోగా, "ఇయ్యాల వద్దయ్యగారూ, జర ఊకె కూసోండ్రి" అనెను. కూర్చుంటిని. వాకిటిలో మిరపకాయలు ఆరబోసియుండెను; ఆ ఘాటుకు నాకు తుమ్ములు వచ్చుచుండగా ఆమె నవ్వెను. తోడికోడలు మంచము ప్రక్కన కూర్చుండి ఆమె తల దువ్వుచుండెను. కీమో తరువాత మరల మొలిచిన వెండ్రుకలు పొట్టిగా నుండుటచేత జడకు అందుట లేదు. అయినను ఆమె మరల మరల ప్రయత్నించుచుండెను.